గ్రీన్ కార్డు మీద వెళ్లిన పెన్షనర్లకు అమెరికాలో వైద్యం: మా అనుభవం

హనుమకొండలో ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు మీద వైద్యం చేయించుకుంటూ వచ్చిన పెన్షనర్ దంపతులు అమెరికాలో పిల్లల దగ్గరికి శాశ్వతంగా వెళ్తే, అక్కడ జబ్బు చేస్తే ఏం చేయాలి? ఇది రాస్తున్నది ఆ ఒక్క సంగతి కోసమే. వీసా కాగితాల గురించి చెప్పేవాళ్లు మన నయీంనగర్‌లో గల్లీకి ఒకరున్నారు. బీమా గురించి చెప్పేవాళ్లు మాకు దొరకలేదు.

ముందు మా పరిస్థితి చెప్తాను, మీ లెక్కతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. నేను ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్ నెలకు 58 వేలు, బ్యాంకు వడ్డీ కొంత. ఇద్దరికీ 65 దాటాయి. నాకు స్టంట్ పడింది, బీపీ ఉంది. మా ఆమెకు షుగర్, రోజూ ఇన్సులిన్. వెళ్లింది టెక్సాస్‌లో డాలస్ దగ్గరికి. రాష్ట్రం మారితే కొన్ని నియమాలు మారతాయి, అది గుర్తుంచుకుని చదవండి.

మా వాడు అమెరికా పౌరుడయ్యాక 2023 నవంబర్‌లో ఇద్దరికీ వేర్వేరుగా, తల్లిదండ్రులను పిలిపించుకునే ఐ-130 దరఖాస్తు వేశాడు. అప్పుడు ఒక్కోదానికి 535 డాలర్లు. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో వేస్తే 625, కాగితం మీద 675 అయింది. 2024 డిసెంబర్‌లో ఆమోదం వచ్చింది. తర్వాత వీసా ఫీజు మనిషికి 325, ప్రయాణానికి ముందు కట్టే గ్రీన్ కార్డు ఫీజు మనిషికి 235. ముంబైలో ఇంటర్వ్యూ 2025 జూన్‌లో పడింది. ఈ కాగితాల్లో కొడుకు సంతకం పెట్టే ఐ-864 ఒకటుంటుంది, అమ్మానాన్నల భారం నాదే అని పూచీ ఇవ్వడం. దాన్ని చూసి చాలామంది ఇక వైద్యం ఖర్చు కూడా ఎవరో చూసుకుంటారని అనుకుంటారు. అది పూచీకత్తు మాత్రమే, బీమా కాదు. కంపెనీలు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్సులో భార్య, పిల్లలు ఉంటారు, తల్లిదండ్రులను సాధారణంగా చేర్చుకోరు. ఇక్కడి మన ప్రైవేటు కంపెనీల అలవాటుతో పోల్చుకుని "కొడుకు ఆఫీసు పాలసీలో వేస్తాడు" అనుకోవద్దు.

మాకు మొదటి దెబ్బ మెడికల్‌లో తగిలింది. ఇమిగ్రెంట్ వీసాకు వాళ్లు ఎంపిక చేసిన ప్యానెల్ డాక్టర్ దగ్గరే పరీక్ష చేయించుకోవాలి, మన డాక్టర్ సర్టిఫికెట్ చెల్లదు. ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. నాకు ముప్పై ఏళ్ల కింద టీబీ వచ్చి, కోర్సు పూర్తిగా వాడి తగ్గింది. ఊపిరితిత్తి మీద మచ్చ మాత్రం మిగిలింది. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే వరసగా మూడు రోజులు తెమడ తీసుకుంటారు, క్రిమి పెరుగుతుందో లేదో చూడటానికి దాన్ని కల్చర్‌కు పెడతారు. కల్చర్ తేలడానికి ఎనిమిది వారాలు. దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు, క్రిమి పెరిగే వేగం అంతే. ఇంటర్వ్యూ సవ్యంగానే అయినా చేతికి కాగితం ఒకటిచ్చి, మెడికల్ పూర్తయ్యాక వీసా అన్నారు. ఆ మూడు రోజులూ ముంబైలో లాడ్జి ఖర్చు, పొద్దున్నే పరగడుపున క్లినిక్. మీకు గతంలో టీబీ ఉంటే, వాడిన మందుల చీటీలు, పాత ఎక్స్‌రేలు వెతికి పెట్టుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆపారు అన్నది రాతపూర్వకంగా అడుగుతారు. కలిసి వెళ్లాలనుకునే దంపతుల్లో ఒకరికి ఇలా ఆగితే రెండోవాళ్ల వీసా గడువు కూడా చూసుకోవాలి, ఎందుకంటే వీసా చెల్లే తేదీ మెడికల్ చెల్లే తేదీని బట్టి వేస్తారు. మామూలుగా ఆరు నెలలు. నాలాగా పాత టీబీ మచ్చ ఉన్నవాళ్లకు మూడు నెలలే. అంటే వీసా చేతికి వచ్చాక ఇల్లు సర్దుకోవడానికి తీరిక ఉండదు.

ఆగస్టు రెండో సగంలో కల్చర్ నెగెటివ్ వచ్చింది, వీసాలు పడ్డాయి, సెప్టెంబర్ మూడో వారంలో దిగాం. ఎక్స్‌రే సీడీ చేతి సంచిలోనే పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాం. ఇది భయపడ్డంత చెడ్డదేం కాదు. నాలాంటివాళ్ల వివరాలు మనం వెళ్లే జిల్లా ఆరోగ్య శాఖకు ముందే చేరతాయి. దిగిన మూడు వారాలకు వాళ్లే ఫోన్ చేసి పిలిచి, మళ్లీ ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని కాగితం ఇచ్చారు. పైసా తీసుకోలేదు. అమెరికాలో నేను చూసిన మొదటి డాక్టర్ టీబీ డాక్టరే, అదీ ఉచితంగా.

వీసా కోసం ఆగిన ఆ రెండు నెలలు వృథా పోలేదు. మందుల పని అప్పుడే చేసుకున్నాం. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, కాబట్టి వివరంగా రాస్తాను.

మనకు ఇక్కడ రాసే మందుల్లో చాలావాటికి అమెరికాలో అనుమతి లేదు. షుగర్‌కు మన డాక్టర్లు ధారాళంగా రాసే టెనెలిగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, గ్లిక్లజైడ్ అక్కడ దొరకవు. బీపీకి రాసే సిల్నిడిపిన్ కూడా అంతే. నొప్పులకు వాడే నిమెసులైడ్ లేదు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపి ఒకే గోలీగా మింగే అలవాటు ఉంటే, అక్కడ రెండు వేర్వేరు గోలీలు మింగాలి. టెనెలిగ్లిప్టిన్ బదులు ఇవ్వగలిగింది సిటాగ్లిప్టిన్. అది మన దగ్గర 2022లో పేటెంట్ పోయాక చవకైంది. మేం వెళ్లినప్పుడు అక్కడ జనూవియా పేరుతో కొనాలంటే బీమా లేనివాళ్లకు నెలకు వందల డాలర్లయ్యేది. కాబట్టి మీ డాక్టరు దగ్గర కూర్చుని, బ్రాండ్ పేర్లు పక్కన పెట్టి, లోపలి మందు పేరుతో జాబితా రాయించుకోండి. అక్కడ దొరకనిదాన్ని దొరికేదానితో, వీలైతే చవకగా దొరికేదానితో మార్పించుకోండి. ప్రయాణానికి మూడు నెలల ముందైనా మార్చాలి. మార్చాక షుగర్, బీపీ ఎటు పోతాయో చూసి మోతాదు సరిచేయడానికి ఆ సమయం కావాలి. నాకు సిల్నిడిపిన్ తీసేసి అమ్లోడిపిన్ పెట్టారు, కొన్నాళ్లకు కాళ్ల వాపు వచ్చింది, మోతాదు తగ్గించారు. ఆ వాపు డాలస్‌లో వచ్చి ఉంటే దానికోసం డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఎన్ని వారాలయ్యేదో.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. మన మెడికల్ షాపులో దొరికే మామూలు ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. అమెరికా సీసాలో 100. మన సిరంజికి ఎర్ర మూత, 40 కొలత. అక్కడి సిరంజికి నారింజ రంగు మూత, 100 కొలత. ఇక్కడి నుంచి సిరంజిల డబ్బా తీసుకెళ్లి అక్కడి సీసాలో నుంచి "20 యూనిట్ల గీత దాకా" లాగితే, ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. షుగర్ పడిపోయి స్పృహ తప్పడానికి అది చాలు. ఇక్కడి ఇన్సులిన్ ఉన్నంతవరకు ఇక్కడి సిరంజి, అది అయిపోయిన రోజే మిగిలిన సిరంజిలన్నీ పడేయడం, ఇదీ మేం పెట్టుకున్న పద్ధతి. పెన్నులు వాడేవాళ్లకు ఈ బాధ లేదు, పెన్ను కాట్రిడ్జి రెండు దేశాల్లోనూ 100 కొలతే ఉంటుంది. విమానంలో ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, కింద లగేజీలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు.

మందులు తొంభై రోజులకు మించి తీసుకెళ్లవద్దు. సొంత వాడకానికి ఆ మేరకు అనుమతిస్తారు. షీట్లు విప్పి డబ్బాల్లో పోసుకోకుండా, బిల్లు, చీటీతో సహా అలాగే ఉంచాలి. చీటీ మీద డాక్టర్ రాత మనకే చదవరాదు, కాబట్టి టైపు చేయించి ముద్ర వేయించుకున్నాం. నా యాంజియోగ్రామ్ సీడీ, డిశ్చార్జి సమ్మరీ, స్టంట్ కంపెనీ పేరూ సైజూ ఉన్న కార్డు, చివరి ఎకో రిపోర్టు ఒక ఫైలు చేశాను. అక్కడి డాక్టర్ మొదట చూసింది స్టంట్ కార్డే.

పళ్లు, కళ్లు ఇక్కడే పూర్తిచేసుకుని వెళ్లండి. పెద్దవాళ్లకు అక్కడి మామూలు బీమాలో పంటి వైద్యం ఉండదు, కళ్లద్దాలూ ఉండవు. మా ఆమెకు రెండు పళ్లకు రూట్ కెనాల్ చేయించి క్యాపులు వేయించాం, నాకు శుక్లం ఆపరేషన్ అయింది. హనుమకొండలో ఆ క్యాపులకు అయినంత డబ్బు అక్కడ ఒక్క క్యాపు అడ్వాన్సుకు రాదు. అద్దాలు రెండేసి జతలు.

ఇక బీమా. అసలు చిక్కు ఎక్కడంటే, 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే మెడికేర్, అక్కడ పని చేసి పన్ను కట్టనివాళ్లకు, గ్రీన్ కార్డు మీద వరసగా అయిదేళ్లు ఉన్నాకే దొరుకుతుంది. అదీ డబ్బు కట్టి కొనుక్కోవడానికే. పేదవాళ్లకు ఇచ్చే మెడికెయిడ్‌కు కూడా 1996 చట్టం ప్రకారం మామూలుగా అయిదేళ్ల అడ్డం ఉంది. మన ఈహెచ్‌ఎస్ శంషాబాద్ దాటాక పనిచేయదు. మన దేశపు కంపెనీలు అమ్మే విదేశీ ప్రయాణ పాలసీలు చాలావరకు తిరిగొచ్చే ప్రయాణికుల కోసం, ఇమిగ్రెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. ఈ అయిదేళ్లు ఎలా దాటాలన్నదే ప్రశ్న.

దిగిన రోజు నుంచి అసలు బీమా మొదలయ్యేదాకా ఖాళీ ఉంటుందని తెలుసు కాబట్టి, కొత్తగా గ్రీన్ కార్డు మీద దిగినవాళ్లకు కూడా ఇస్తామని రాసున్న ఒక తాత్కాలిక పాలసీ తీసుకున్నాం. ఇద్దరికీ కలిపి దాదాపు 500 డాలర్లు. ఇవి పాత జబ్బులను లెక్కలోకి తీసుకోవు. "పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే" అనే ఒక మినహాయింపు ఉంటుంది, దానికీ వయసు పరిమితి, డబ్బు పరిమితి. స్టంట్ ఉన్నవాడికి అది పేరుకే గొడుగు.

అసలు బీమా, ప్రైవేటు కంపెనీల పాలసీలు అమ్మే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనాలి. మెడికేర్ ఉచితంగా రాని 65 దాటినవాళ్లు కూడా అక్కడ కొనుక్కోవచ్చు, పాత జబ్బు ఉందని కంపెనీ కాదనకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు. ఏజెంట్లలోనే కొందరికి ఇది తెలియదు, "65 దాటింది కదా, మీకు మార్కెట్‌ప్లేస్ రాదు" అంటారు. నమ్మొద్దు. ప్రీమియం వయసును బట్టి పెరుగుతుంది. చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్లవాడికి ఒక రూపాయి అయితే 64, ఆ పైన అందరికీ మూడు రూపాయలు. 66కూ 80కీ ఒకటే రేటు.

కొత్తగా దేశంలోకి వచ్చినవాళ్లకు దిగిన రోజు నుంచి 60 రోజుల గడువు. ప్లాన్ ఎంచుకున్న మరుసటి నెల ఒకటో తారీఖు నుంచి బీమా మొదలు. లెక్క ప్రకారం సెప్టెంబర్‌లో దిగిన మాకు అక్టోబర్ ఒకటి నుంచే రావచ్చు. నవంబర్ ఒకటి నుంచి వచ్చింది. కారణం, ఆన్‌లైన్‌లో మనిషి గుర్తింపు తేల్చే ప్రశ్నలు పాత అప్పులు, పాత అడ్రసుల మీద అడుగుతారు. నిన్న దిగినవాడికి అక్కడ అప్పేముంటుంది, చరిత్రేముంటుంది! అక్కడ ఆగిపోతుంది. అప్పుడు పాస్‌పోర్టు కాపీలు అప్‌లోడ్ చేయాలి, లేదంటే పోస్టులో లండన్‌కు పంపాలి. ఇంగ్లండ్ లండన్ కాదు, కెంటకీ రాష్ట్రంలో అదే పేరుతో ఒక ఊరుంది. ఫోన్ చేసి మనిషితో మాట్లాడి దరఖాస్తు పెట్టించుకోవడం తేలిక. ఫోన్‌లోనే తెలుగు దుబాసీని అడగొచ్చు, డబ్బు తీసుకోరు, కాస్త ఆగాలి అంతే. గ్రీన్ కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా మీద ఎయిర్‌పోర్టులో వేసిన ముద్ర ఏడాదిపాటు గ్రీన్ కార్డుతో సమానం. సోషల్ సెక్యూరిటీ నంబర్ చేతికి రాకున్నా దరఖాస్తు తీసుకుంటారు. అందుకే దిగిన వారంలోనే మొదలుపెట్టండి.

ప్రీమియం మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీ విషయం జాగ్రత్తగా చదవండి, పాత సలహాలు ఇప్పుడు పనికిరావు. రాయితీ ఇచ్చేది పన్ను రిటర్నులో చూపే కుటుంబం ఆదాయాన్ని బట్టి. మన పెన్షన్, ఇక్కడి వడ్డీ కూడా ఆ ఆదాయంలో చూపాలి. మాది కొడుకు రిటర్నులో కలవదు, ఎందుకంటే తన మీద ఆధారపడ్డవాళ్లుగా చూపాలంటే వాళ్ల సొంత ఆదాయం 2025లో 5,200 డాలర్ల లోపు ఉండాలి. నా పెన్షన్ ఒక్కటే దాన్ని దాటింది. కాబట్టి మేమిద్దరం వేరే కుటుంబం, ఆదాయం ఏడాదికి పదివేల డాలర్ల చిల్లర. ఇద్దరి కుటుంబానికి పేదరిక రేఖ 2025 బీమాకు 20,440 డాలర్లు. మేం దానికి దిగువ. 2025 వరకు ఉన్న నియమం ప్రకారం, మెడికెయిడ్ అయిదేళ్ల అడ్డం వల్ల రానివాళ్లకు పేదరిక రేఖ కింద ఉన్నా రాయితీ ఇచ్చేవాళ్లు. అందుకే నవంబర్, డిసెంబర్ నెలల్లో సిల్వర్ అనే మధ్యరకం ప్లాన్‌కు మేం కట్టింది సున్నా. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మనం కట్టే వాటా, అంటే కో-పే, కూడా నామమాత్రం. మా వాడి స్నేహితుల తల్లిదండ్రులు నాలుగైదేళ్లు ఇట్లాగే నడిపించుకున్నారు.

2025 జులై 4న సంతకమైన చట్టం దాన్ని తీసేసింది. 2026 జనవరి 1 నుంచి అయిదేళ్లు నిండని, పేదరిక రేఖకు దిగువన ఉన్న గ్రీన్ కార్డుదారుకు రాయితీ లేదు. బీమా కొనుక్కోవచ్చు, పూర్తి ధరకు. విడ్డూరం ఏమిటంటే, మా ఆదాయం రెట్టింపై రేఖ దాటి ఉంటే రాయితీ వచ్చేది. 2026 బీమాకు ఇద్దరికి ఆ రేఖ 21,150 డాలర్లు. అంటే రూపాయల్లో దాదాపు 19 లక్షలు. మన టీచర్ల పెన్షన్ ఏదీ అక్కడిదాకా పోదు. అద్దెలు, వడ్డీలు బాగా ఉన్న రిటైర్డ్ ఉద్యోగి మాత్రం ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఆ ఆదాయం నిజంగా ఉండి, రిటర్నులో చూపితే రాయితీ దొరుకుతుంది. లేని ఆదాయం ఉందని రాయించే ఏజెంట్లు కూడా ఉన్నారు, వాళ్ల దగ్గరికి పోకండి. రాయితీని మళ్లీ పన్ను రిటర్నులో తేలుస్తారు.

డిసెంబర్ 15లోపు ఎంచుకుంటేనే జనవరి ఒకటి నుంచి బీమా. ధరలు చూశాక ఇంట్లో రెండు మూడు రాత్రులు ఎవరికీ సరిగా నిద్ర లేదు. అన్నిటికన్నా చవకైన బ్రాంజ్ ప్లాన్ ఒక్కొక్కరికి నెలకు వెయ్యి డాలర్ల పైన. నా నెల పెన్షన్ మొత్తం పెట్టినా ఒక్కరి ప్రీమియం కూడా పూర్తికాదు. బ్రాంజ్ అంటే మామూలు జ్వరాలకు పనికొచ్చేదీ కాదు. ఏడాదిలో మన జేబు నుంచి పోయేదానికి 2026లో గరిష్ఠ పరిమితి 10,600 డాలర్లు. దాదాపు అంతవరకు మనమే భరిస్తాం, ఆపైన కంపెనీ. గుండె ఆపరేషన్ లాంటిది వస్తే కొడుకు ఇల్లు అమ్ముకోకుండా కాపాడుతుంది, అంతే దాని పని.

చివరికి నాకు బ్రాంజ్ తీసుకున్నాం, మా వాడు కడుతున్నాడు. ఇది నాకు నచ్చిన సంగతి కాదు, కానీ స్టంట్ ఉన్నవాణ్ని బీమా లేకుండా ఉంచనని వాడు పట్టుబట్టాడు. మా ఆమె తనకు వద్దంది. ఆమెది రోజువారీ జబ్బు, హఠాత్తుగా మీద పడేది కాదన్నది ఆమె లెక్క. ఆ లెక్క పూర్తిగా సరైందని నేననను. మీ ఇంట్లో ఇద్దరికీ కొనే స్తోమత ఉంటే కొనండి.

ఆమె చూపించుకునేది కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో. ఫెడరల్ నిధులతో నడిచే ఇలాంటి క్లినిక్‌లు దేశమంతా ఉన్నాయి, మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. పేదరిక రేఖకు రెండింతల లోపు ఉన్నవాళ్లకు తగ్గింపు, రేఖకు దిగువన ఉంటే నామమాత్రం. బీమా లేదని పంపేయరు. మాకు డాక్టర్ ఫీజు 30 డాలర్లు పడింది. ఆదాయానికి రుజువు అడిగారు. పెన్షన్ స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించి, డాలర్లలో ఎంతో ఒక కాగితం మీద రాసిచ్చాం. కొత్త పేషెంటుకు మొదటి అపాయింట్‌మెంట్ ఆరు వారాలకు దొరికింది, తర్వాతివి తొందరగానే. తొంభై రోజుల మందులు తీసుకెళ్లమన్నది ఇందుకే. అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని రాయించండి. కోడలిని సెలవు పెట్టించి తీసుకెళ్లనక్కర్లేదు, పైగా కొన్ని సంగతులు కోడలి ముందు చెప్పుకోలేం.

మందులకు బీమా లేకుండానే దారి ఉంది. వాల్‌మార్ట్‌లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ లాంటి పాత మందులు నెలకు 4 డాలర్లు, మూడు నెలలకు 10 డాలర్ల జాబితాలో ఉన్నాయి. మనం మన దగ్గర కొనే ధరకు పెద్ద తేడా లేదు. అక్కడే 70/30 ఇన్సులిన్ సీసా పాతిక డాలర్ల దరిదాపుల్లో, చాలా రాష్ట్రాల్లో చీటీ లేకుండానే ఇస్తారు. ఫార్మసీలో అడిగేటప్పుడు పారాసిటమాల్ అంటే తెలియనట్టు చూస్తారు, అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. ఆస్పిరిన్ 75 ఉండదు, 81 ఉంటుంది, డాక్టర్ అదే వేసుకోమన్నాడు.

ప్రాణం మీదికి వస్తే ఎమర్జెన్సీకి పోవడమే. 1986 చట్టం ప్రకారం డబ్బు లేదని చూడకుండా పంపకూడదు. బిల్లు మాత్రం తర్వాత ఇంటికి వస్తుంది. వచ్చిన బిల్లును వెంటనే కట్టేయకండి. లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ ఆర్థిక సాయం విధానం ఉండి తీరాలి, ఆ ఫారం అడిగి నింపి ఇవ్వండి. ముందుగా తెలిసిన పరీక్ష, ఆపరేషన్ అయితే బీమా లేనివాళ్లకు ఎంతవుతుందో రాసివ్వాలని 2022 నుంచి నియమం ఉంది, అడగండి. అంబులెన్స్ బిల్లుకు బీమా ఉన్నవాళ్లకు కూడా పూర్తి రక్షణ లేదు. చిన్నచిన్నవాటికి, జ్వరం, చర్మం మీద దద్దుర్లు, మూత్రంలో మంట, అర్జెంట్ కేర్ అనే క్లినిక్‌లకు పోతే ఎమర్జెన్సీలో అయ్యేదానిలో చిన్న వంతుతో తేలిపోతుంది.

రాయితీ రెండు నెలలే వాడినా దాని లెక్క పన్ను రిటర్నులో చెప్పాలి. మార్కెట్‌ప్లేస్ 1095-ఎ అనే కాగితం పంపుతుంది, దాన్ని పారేయకండి. భార్యాభర్తలు ఉమ్మడి రిటర్ను వేస్తేనే రాయితీ నిలుస్తుంది. ఏడాది మధ్యలో దిగినవాళ్లు మామూలుగా ఉమ్మడిగా వేయలేరు. ఏడాది మొత్తానికీ రెసిడెంట్లుగా లెక్కించమని కోరుకునే వీలుంది, అప్పుడు జనవరి నుంచి వచ్చిన పెన్షన్, వడ్డీ అన్నీ చూపాలి. ఇది తెలిసిన పన్ను మనిషి దగ్గరే చేయించాలి. మా దగ్గర 350 డాలర్లు తీసుకున్నాడు.

ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే ఒక మాట చెప్తాను. మనుమలను చూసి రావడానికైతే పదేళ్ల విజిటర్ వీసా మీద వెళ్లి, విజిటర్ బీమా కొనుక్కుని, ఆరు నెలల లోపు వచ్చేయండి. పెద్ద వైద్యం ఏదైనా ఇక్కడ ఈహెచ్‌ఎస్‌లో చేయించుకోండి. గ్రీన్ కార్డు తీసుకుని ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అంటే రెండింటికీ చెడతాం. ప్రీమియం మనం లేకున్నా కట్టాలి, రాయితీ లేనివాళ్లకు ఆలస్యానికి ఇచ్చే గడువు సాధారణంగా నెల రోజులే. ఏడాది దాటి బయట ఉంటే, ముందే అక్కడ ఉండగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే, గ్రీన్ కార్డుకే ఎసరు. మెడికేర్‌కు కావాల్సిన వరస అయిదేళ్లు కూడా ప్రశ్నలో పడతాయి.

మాకు ఆ అయిదేళ్లు నిండేది 2030 సెప్టెంబర్. మెడికేర్‌లో చేరడానికి గడువు అంతకు మూడు నెలల ముందు మొదలై మూడు నెలల తర్వాత ముగుస్తుంది, అంటే జూన్ నుంచి డిసెంబర్ దాకా. ఆ గడువు తప్పితే పార్ట్ బి (డాక్టర్ల ఫీజుల భాగం) ప్రీమియం మీద ప్రతి పూర్తి ఏడాది ఆలస్యానికి పది శాతం, ఉన్నన్నాళ్లూ. 2026 రేట్ల ప్రకారం పార్ట్ ఎ (ఆస్పత్రి భాగం) కొనాలంటే నెలకు 565, పార్ట్ బి 202.90, కలిపి మనిషికి 767.90 డాలర్లు. అంతవరకు ఏటా ఒకసారి, ఆరు నెలలు దాటకుండా, హనుమకొండకు వచ్చిపోవాలని అనుకున్నాం. ఈ శీతాకాలం పనుల చీటీ ఇప్పటికే రాసి పెట్టుకున్నాం: నాకు ఎకో, టీఎంటీ, మా ఆమెకు కంటి రెటీనా పరీక్ష, ఇద్దరికీ పళ్లు శుభ్రం చేయించడం, మార్చి లోపు లైఫ్ సర్టిఫికెట్.